లెన్సు మీద రంగు గీతలు: మద్రాసు ఫిల్ము రోజుల ఫోకస్ జ్ఞాపకాలు

ఫిల్ము రోజుల్లో మద్రాసు వీధుల్లో ఫొటోలు తీసేవాళ్లని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కెమెరా మెడలో ఉంటుంది, చూపు మాత్రం లెన్సు గొట్టం మీదికి వాలి ఉంటుంది. టీ.నగర్ రంగనాథన్ స్ట్రీట్‌లో జనం తోసుకుంటూ పోతుంటే, నడక ఆపకుండానే ఎడమచేత్తో ఫోకస్ రింగు కాస్త తిప్పి, ఎదుటి మనిషి దగ్గరికి రాగానే కెమెరా కంటికి ఆనించి నొక్కేసి సాగిపోయేవారు. వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేసే తీరిక అక్కడ ఎవరికుంటుంది? అయినా ప్రింట్లు చేతికొచ్చాక మొహాలు స్పష్టంగా ఉండేవి. అందులో చేతి నైపుణ్యం కంటే లెక్క పాలే ఎక్కువ. ఆ లెక్కంతా లెన్సు మీదే చెక్కి ఉండేది. ఇప్పటి లెన్సుల మీద చాలావరకు మాయమైంది.

ఆనాటి 50 ఎంఎం లెన్సు చేతిలోకి తీసుకుంటే మూడు వరసలు కనబడతాయి. ఫోకస్ రింగు మీద దూరాలు, అడుగుల్లో ఒక వరస, మీటర్లలో ఒక వరస, చివర పడుకోబెట్టిన 8 లాంటి ఇన్ఫినిటీ గుర్తు. అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం, దాని రింగు మీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16. అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది. ఈ రెండింటి మధ్య కదలని పట్టీ మీద ఒక నడిమి గుర్తు, దానికి అటూ ఇటూ జతలుగా గీతలు. పాత నిక్కోర్ లెన్సుల్లో ఒక్కో అపర్చర్ అంకెకి ఒక్కో రంగు వేసి, అదే రంగులో గీతల జత గీసేవారు. చదవడం చాలా తేలిక. ఎఫ్ 8 పెట్టి 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, ఎఫ్ 8 గీతలు రెండింటికీ ఎదురుగా సుమారు 2.3, 4.2 మీటర్లు నిలుస్తాయి. ఆ రెండు దూరాల మధ్య ఉన్నదంతా ప్రింటులో స్పష్టంగా వస్తుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటే ఇంతే.

దూరాల అంకెలు దగ్గర వైపు ఎడంగా, ఇన్ఫినిటీ వైపు ఇరుగ్గా ఉండటానికి కారణం ఉంది. 50 ఎంఎం లెన్సు ఇన్ఫినిటీ నుంచి 5 మీటర్లకి రావాలంటే ముందుకు జరగాల్సింది అర మిల్లీమీటరే. అదే 45 సెంటీమీటర్ల దాకా రావాలంటే ఆరేడు మిల్లీమీటర్లు జరగాలి. దూరపు వస్తువుల విషయంలో రింగు వెంట్రుకవాసి తప్పినా మీటర్ల తేడా వచ్చేది అందుకే. దగ్గరి వస్తువులకైతే రింగు బారెడు తిరుగుతుంది, పొరపాటు సరిదిద్దుకునే వీలుంటుంది. కానీ అక్కడ డెప్త్ కూడా బాగా సన్నబడుతుంది. 45 సెంటీమీటర్ల దగ్గర ఎఫ్ 2 పెడితే స్పష్టంగా ఉండే మందం ఒక సెంటీమీటరు కూడా ఉండదు. ఎఫ్ 16కి బిగించినా ఏడు సెంటీమీటర్లే. బొమ్మల కొలువులో ఒక్క బొమ్మని దగ్గరగా తీస్తే ముక్కు స్పష్టంగా ఉండి కిరీటం కరిగిపోవడం ఈ కారణంతోనే.

మొదట్లో అందరినీ తికమక పెట్టింది వ్యూఫైండర్. ఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే అద్దం సాయంతో లెన్సులోంచే చూసే కెమెరాలో, అపర్చర్ రింగు ఎఫ్ 11 మీద పెట్టినా రంధ్రాన్ని సన్నబరిచే లోపలి రేకులు మూసుకోవు. షట్టర్ నొక్కాకే, అద్దం పైకి లేచే సమయంలో, టప్పున మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. చూసేటప్పుడు వెలుతురు బాగా రావాలని ఆ ఏర్పాటు. దానివల్ల మనం ఎప్పుడూ ఎఫ్ 2లో ఉండే పల్చటి డెప్త్‌నే చూస్తాం, ఫిల్ము మీద పడేది ఎఫ్ 11 డెప్త్. వెనక ఉన్న కరెంటు స్తంభం కంటికి మబ్బులా కనబడి, ప్రింటులో పెళ్లికొడుకు తలలోంచి మొలిచినట్టు వచ్చేది ఇలాగే. నికాన్ ఎఫ్‌ఎం2లో లెన్సు పక్కన ప్రివ్యూ లివర్ ఉంటుంది, నొక్కితే రేకులు మూసుకుని అసలు సంగతి కనబడుతుంది. 1976 నుంచి రెండు దశాబ్దాలు అమ్ముడైన పెంటాక్స్ కె1000లో ఆ లివర్ లేదు. దానికి వాడకందారులు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది: లెన్సు విడుదల మీట నొక్కి, లెన్సుని కొద్దిగా మాత్రమే తిప్పితే రేకులు పెట్టిన అంకెకి మూసుకుంటాయి. చూశాక క్లిక్కుమనేదాకా వెనక్కి తిప్పాలి. రెండో చెయ్యి లెన్సు కింద లేకపోతే మాత్రం ఈ పని చేయొద్దు.

రష్యన్ జెనిట్ వాడినవాళ్లకి ఈ గొడవ లేదు, వేరే గొడవ ఉంది. దాంతో వచ్చే హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్ 2 లెన్సుకి రెండు రింగులు. ఒకదానితో కావలసిన అంకె, ఎఫ్ 8 అనుకుందాం, ముందే ఖాయం చేస్తారు. రెండోది ఏ అడ్డూ లేకుండా ఎఫ్ 2 నుంచి ఆ ఎఫ్ 8 దాకా తిరుగుతుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చేయాలి, తర్వాత రింగు ఆగేదాకా మూయాలి, అప్పుడు నొక్కాలి. మూయడం మర్చిపోతే నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఓవర్ ఎక్స్‌పోజర్, డెప్త్ కూడా పోయినట్టే. కానీ ఆ రింగు మెల్లగా మూస్తుంటే వెనకున్నవి ఒక్కొక్కటీ తేరుకుని ఆకారం దాల్చడం కళ్లముందే కనిపిస్తుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ నేర్పడానికి అంతకంటే మంచి బడి లేదని మా అభిప్రాయం. ఖరీదైన కెమెరాలతో మొదలుపెట్టినవాళ్లకి ఇది చాలా ఆలస్యంగా ఎక్కేది.

ఫోకస్ చేసే పద్ధతికొస్తే, ఆనాటి వ్యూఫైండర్ మధ్యలో మూడు రకాల సాయం ఉండేది. నడుమ చిన్న గుండ్రంలో స్ప్లిట్ ఇమేజ్, దాని చుట్టూ మైక్రోప్రిజం వలయం, మిగతాదంతా గరుకు అద్దం. స్ప్లిట్‌లో నిలువు గీత రెండు ముక్కలై కనబడుతుంది, రింగు తిప్పితే కలుస్తుంది. తలుపు అంచు, చొక్కా గుండీల పట్టీ, కళ్లజోడు ఫ్రేము వంటివి దానికి పనికొస్తాయి. నున్నటి చెంప మీద స్ప్లిట్ పెట్టి ఎంత తిప్పినా తేలదు. విభజన గీత అడ్డంగా ఉంటే దానికి నిలువు అంచు కావాలి. ఎదురుగా ఉన్నవన్నీ అడ్డగీతలే అయితే, మెట్ల వరసలాగా, కెమెరాని నిలువుగా తిప్పి ఫోకస్ చేసి మళ్లీ అడ్డంగా పట్టుకోవాలి. ఎఫ్ 5.6 కంటే చిన్న నోరున్న జూమ్ తగిలిస్తే ఆ గుండ్రంలో సగం నల్లబడుతుంది. అది కెమెరా పాడవడం కాదు. స్ప్లిట్ ప్రిజం లెన్సు అంచుల నుంచి వచ్చే వెలుగుతో పనిచేస్తుంది, ఆ వెలుగు అందకపోతే చీకటే. అప్పుడు గరుకు అద్దాన్నే నమ్ముకోవాలి. కన్ను కూడా వ్యూఫైండర్ నడిమికి సరిగ్గా ఆనాలి, పక్కకి జరిగితే ఒక సగం మసకబారుతుంది.

రింగుని ఒకే వైపు తిప్పి ‘ఇక చాలు’ అని ఆపడం సరైన అలవాటు కాదు. బాగున్న చోటుని కొంచెం దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి, అటూ ఇటూ మసకబారే హద్దులు చూసుకుని వాటి మధ్యకి తేవాలి. ఏ దిక్కుకి తిప్పితే దూరం అన్నది కంపెనీని బట్టి మారుతుంది. నికాన్ నుంచి క్యానన్‌కి మారినవాళ్ల చెయ్యి కొన్నాళ్లు తప్పు దిక్కుకే పోతుంది.

ఎక్కువమంది తెలియకుండా చేసే తప్పు, నడిమి గుండ్రంలో కన్ను ఫోకస్ చేసి, తర్వాత కూర్పు కోసం కెమెరా పక్కకి తిప్పడం. ఫోకస్ అన్నది కెమెరాకి సమాంతరంగా నిలిచిన ఒక చదును గోడ. కెమెరా తిరిగితే గోడ కూడా తిరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల దూరంలో మొహం ఉందనుకోండి, కెమెరా 20 డిగ్రీలు తిప్పితే ఫోకస్ మొహానికి 9 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. 50 ఎంఎం ఎఫ్ 2లో ఆ దూరానికి వెనక, ముందు చెరో 5 సెంటీమీటర్లే డెప్త్. ఫలితం: కళ్లు మసక, చెవులో జడో స్పష్టం. ఎఫ్ 5.6 పెడితే ఈ తప్పు కడుపులో పెట్టుకుంటుంది. లేదంటే కూర్పు ముందే కుదుర్చుకుని, కన్ను పడే చోట గరుకు అద్దం మీదే ఫోకస్ చేయాలి. మూడో దారి, తిప్పాక శరీరాన్ని రవ్వంత వెనక్కి జరపడం. ఇది చెప్పినంత తేలిక కాదు.

మళ్లీ రంగనాథన్ స్ట్రీట్ లెక్కకొద్దాం. 28 ఎంఎం లెన్సు, ఎఫ్ 8, ఫోకస్ 2.5 మీటర్లు. ఇలా పెడితే 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అంతా స్పష్టం.  ఇక రింగు ముట్టుకోనక్కర్లేదు. 100 ఏఎస్‌ఏ (వెలుగుకి ఫిల్ము స్పందించే వేగం) ఫిల్ముకి మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్ 16, సెకనులో 125వ వంతు అన్నది పాత సూత్రం. నీడపట్టున రెండు మూడు స్టాపులు తగ్గుతుంది కాబట్టి వీధిలో ఎఫ్ 8కి సెకనులో 60వ వంతు దొరికేది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు నలుపు తెలుపు ఫిల్ములతోనూ ఈ లెక్కే నడిచేది. అదే పని 50 ఎంఎంతో, ఫోకస్ 3 మీటర్ల దగ్గర పెట్టి చేసినా, ఎఫ్ 8లో 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా మాత్రమే. వీధి ఫొటోలకి వైడ్ లెన్సు ఎందుకు ఇష్టపడ్డారో ఇక్కడే తెలుస్తుంది.

ఇన్ఫినిటీ దాకా అంతా కావాలంటే హైపర్‌ఫోకల్ పద్ధతి. రింగుని ఇన్ఫినిటీకి తిప్పి వదిలేయకుండా, ఇన్ఫినిటీ గుర్తుని మీరు వాడుతున్న అపర్చర్ గీత మీదికి తేవాలి. రెండో వైపు గీత ఎదురుగా ఉన్నదే దగ్గరి హద్దు. 50 ఎంఎం ఎఫ్ 8కి ఫోకస్ సుమారు 10.5 మీటర్లు, దగ్గరి హద్దు 5.2. ఎఫ్ 16కి ఫోకస్ 5.3, హద్దు 2.6. 35 ఎంఎం ఎఫ్ 11కి ఫోకస్ 3.75, హద్దు 1.9. మైలాపూరులో అరవై మూవర్ (అరవై ముగ్గురు నాయన్మార్ల) ఉత్సవం రోజు మాడవీధుల జనంలో నిలబడి, ముందున్న తలలూ పల్లకీలూ వెనక కపాలీశ్వరుడి గోపురమూ ఒకే ఫ్రేములో తెచ్చినవాళ్లు వాడినది ఈ చివరిదే. రింగుని ఇన్ఫినిటీలో ఉంచేసినవాళ్లకి గోపురం బొమ్మలన్నీ వచ్చి, ముందున్న పసిపిల్ల మొహం పోయేది.

అయితే ఈ గీతల్ని వేదవాక్కులా తీసుకోకూడదు. నెగెటివ్ మీద 0.03 మిల్లీమీటర్ల చుక్క దాకా కంటికి బిందువులాగే కనబడుతుందన్న అంచనాతో గీసినవి అవి. 8×10 అంగుళాల ప్రింటుని చేతిలో పట్టుకుని చూసినప్పుడు అది సరిపోతుంది. అప్పట్లో అందరూ వేయించుకున్న 4×6 మాక్సీ ప్రింట్లకైతే ఇంకా ఉదారంగా సరిపోతుంది. గోడకి తగిలించే పెద్ద ప్రింటుకీ, ఇప్పటి డిజిటల్ ఫొటోని తెర మీద పూర్తిగా పెద్దది చేసి చూడ్డానికీ చాలదు. వీటికి రెండు స్టాపులు జాగ్రత్త పడటం మంచిది: ఎఫ్ 8 వాడుతూ ఎఫ్ 4 గీతలు చదవాలి. అలాగని ఎఫ్ 22కి బిగించేయడమూ పరిష్కారం కాదు. సన్నటి రంధ్రంలోంచి వెలుగు చెదరడం వల్ల ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది.

మనవాళ్ల పెళ్లిళ్లలో గ్రూప్ ఫొటో అసలు పరీక్ష. కళ్యాణ మండపంలో ట్యూబులైట్ల వెలుగు చాలదు, ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు 28 అయితే, దాన్ని 5 మీటర్లతో భాగిస్తే ఎఫ్ 5.6, అంటే అపర్చర్ నిర్ణయం ఫ్లాష్ చేతిలోనే. 50 ఎంఎం ఎఫ్ 5.6లో 4 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 3.2 నుంచి 5.4 మీటర్ల దాకా దొరుకుతుంది. కింద కూర్చున్న పిల్లలు 3.5, కుర్చీల్లో పెద్దలు 4.2, వెనక నిలబడ్డవాళ్లు 4.9 మీటర్ల దగ్గర ఉంటే అందరూ లోపలే. ఫోకస్ కుర్చీల వరస మీద పెట్టాలి. పిల్లల మీద పెడితే వెనక వరస బావమరుదులంతా హద్దు దాటిపోతారు. కుర్చీల్ని అర్ధచంద్రాకారంలో వేస్తే అందరూ కెమెరాకి సమాన దూరంలో ఉంటారని వేసేవారు. ఫ్లాష్ వెలుగు సమంగా పడటానికి అది పనికొస్తుంది. ఫోకస్‌కి మాత్రం కాదు, చెప్పుకున్నట్టు ఫోకస్ చదును గోడే కాబట్టి, వంపు ఎక్కువైతే రెండు కొసల్లో కూర్చున్నవాళ్లు గోడకి ముందుకొచ్చేస్తారు.

ఇక్కడే ఇంకో పాత మాట. ‘ఫోకస్‌కి ముందు మూడో వంతు, వెనక రెండు వంతులు స్పష్టంగా వస్తాయి’ అని స్టూడియోల్లో నేర్పేవారు. హైపర్‌ఫోకల్ దూరంలో మూడో వంతు దగ్గర ఫోకస్ చేసినప్పుడు మాత్రమే అది నిజం. 50 ఎంఎం ఎఫ్ 8కి సుమారు 3.5 మీటర్లు. అంతకంటే దగ్గరైతే ముందూ వెనకా సగం సగానికి వస్తుంది. దూరమైతే వెనక భాగం ఇన్ఫినిటీ దాకా పారుతుంది. టెలీ లెన్సుకి డెప్త్ తక్కువ అన్నదీ సగం నిజమే. 135 ఎంఎంతో 3 మీటర్ల నుంచి, 50 ఎంఎంతో 1.1 మీటరు నుంచి, మొహం ఒకే సైజులో తీస్తే, ఎఫ్ 2.8లో రెండింటికీ డెప్త్ 8 సెంటీమీటర్లే. వెనక దృశ్యం మాత్రం టెలీలో పెద్దదై, కరిగి, అందంగా పరుచుకుంటుంది. జనం తేడా అనుకున్నది దాన్నే.

కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో ఈ లెక్కే బతుకుతెరువు. తెలుగు సినిమాలు ఇంకా మద్రాసులోనే తయారవుతున్న కాలంలో ఫోకస్ పుల్లర్, అంటే షాట్‌లో ఫోకస్ రింగు తిప్పే సహాయకుడి చేతిలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. టేపు ఒక కొస కెమెరా పక్కన ఉన్న గుర్తు దగ్గర, అంటే అడ్డగీత పడ్డ సున్నా దగ్గర పెడతారు. ఫిల్ము తలం అక్కడ ఉంటుంది, దూరం కొలవాల్సింది లెన్సు మూతి నుంచి కాదు, అక్కడి నుంచే. స్టిల్ కెమెరాల మీదా ఈ గుర్తు ఉంటుంది, చాలామంది గమనించరు. రెండో కొస నటుడి కంటి దగ్గరికి. అతను మొదలయ్యే చోటా, ఆగే చోటా నేల మీద సుద్దగీతలు. ఆ దూరాలు లెన్సుకి చుట్టిన తెల్ల టేపు మీద పెన్సిల్‌తో. షాట్ నడుస్తుంటే ఫోకస్ పుల్లర్ తెర చూడడు, నటుడి పాదాలూ లెన్సు గీతలూ చూస్తూ రింగు తిప్పుతాడు. 75 ఎంఎం ఎఫ్ 2.8లో 3 మీటర్ల దగ్గర దొరికేది 22 సెంటీమీటర్లు. నటుడు డైలాగు ఆవేశంలో కాస్త ముందుకు వంగితే చాలు, టేకు పోయినట్టే. రీలు కడిగి చూస్తే గాని ఆ సంగతి తేలదు.

టేపు లేనివాళ్లకి ఫ్రేమే టేపు. 50 ఎంఎం లెన్సుతో కెమెరా నిలువుగా పట్టుకుంటే, నిలబడ్డ మనిషి తల నుంచి పాదం దాకా కొంచెం వదులుగా పట్టిన దూరం 2.5 మీటర్లు. తల నుంచి నడుం దాకా నిండితే 1.25 మీటర్లు. ఏడడుగుల వాకిలి నిలువునా నిండితే 3 మీటర్లు. ఈ మూడూ కంఠస్థం ఉంటే లెన్సు అంకెలతో పని జరిగిపోతుంది.

మద్రాసు ఉక్క లెన్సులకి చేసిన చెడు ఇంకెవరూ చేయలేదు. బర్మా బజార్‌లోనో, 1985లో కాలిపోకముందు మూర్ మార్కెట్‌లోనో చేతులు మారిన లెన్సులు చాలావాటిలో సాలెగూడు లాంటి ఫంగస్ కనిపించేది. బీరువా బట్టల మధ్యా, తోలు కేసులోనూ పెట్టడమే దానికి ముఖ్య కారణం. గాలి ఆడని డబ్బాలో సిలికా జెల్ వేసి, నీలం గుళికలు గులాబీ రంగుకి తిరగ్గానే వేయించి మళ్లీ వాడుకోవాలి. ఫంగస్ కంటే మోసకారి నూనె. వేడికి ఫోకస్ రింగు గ్రీజు పల్చబడి అపర్చర్ రేకుల మీదికి చేరుతుంది. రేకులు అతుక్కుని, షట్టర్ తెరుచుకునేలోపు పూర్తిగా మూసుకోవు. ఎఫ్ 11 పెట్టామనుకుంటాం, పడేది ఎఫ్ 4తో. ఫొటో తెల్లబారి వస్తుంది, డెప్త్ పల్చగా వస్తుంది, నింద ఫోకస్ మీద పడుతుంది. మెరీనా ఇసుక రేణువు రింగులోకి దూరితే గరగరమంటుంది, దాన్ని అలాగే తిప్పుతూపోతే మరలు అరుగుతాయి. ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకి తీసుకెళ్తే అద్దం మీద ఆవిరి పట్టి అంతా అవుటాఫ్ ఫోకస్‌లా కనబడుతుంది. తుడవకుండా, సంచిలోనే మూసి అరగంట ఉంచితే దానంతటదే పోతుంది.

ఆ పాత లెన్సుల్ని ఇప్పుడు మిర్రర్‌లెస్ (అద్దం లేని డిజిటల్) కెమెరాలకి అడాప్టర్‌తో తగిలించి వాడుతున్నారు, సంతోషం. అక్కడ పెట్టిన అపర్చర్‌కే రేకులు మూసుకుని ఉంటాయి కాబట్టి తెర మీద అసలు డెప్త్ కనబడుతుంది. ఫోకస్ మాత్రం పూర్తిగా తెరిచి, దృశ్యాన్ని పెద్దది చేసుకుని చేయాలి. రంగు అంచులు చూపించే పీకింగ్‌ని ఎఫ్ 2లో నమ్మితే దెబ్బతింటారు, అది ఉన్నదానికంటే మందంగా చూపిస్తుంది. అడాప్టర్లు చాలావరకు అవసరం కంటే కాస్త పొట్టిగా చేస్తారు, లెన్సు ఇన్ఫినిటీ దాటి తిరుగుతుంది. కాబట్టి గొట్టం మీది దూరాలు నిజం చెబుతున్నాయో లేదో ముందు చూసుకోవాలి. టేపుతో సరిగ్గా 2 మీటర్లు కొలిచి వార్తాపత్రిక గోడకి అంటించి, తెర మీద ఫోకస్ చేసి, రింగు ఎంత చూపిస్తుందో చదవండి. తర్వాత మెరీనాలో దూరంగా ఉన్న లైట్‌హౌస్ మీద ఇన్ఫినిటీ చూడండి. తేడా ఉంటే సరైన చోట సన్నటి తెల్ల టేపు ముక్క అంటించి పెన్సిల్‌తో గీత గీసుకోవాలి.

ఫిల్ము కెమెరాని పరీక్షించాలంటే రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద మాట్ సెల్లోటేపు బిగుతుగా అంటించండి. బయటి పట్టాల మీద కాదు. షట్టర్‌ని నొక్కినంతసేపూ తెరిచి ఉంచే బి మీద పెట్టి, లెన్సు పూర్తిగా తెరిచి, స్ప్లిట్‌లో కలిసిన గీత టేపు మీద కూడా భూతద్దంలో పదునుగా ఉందో లేదో చూడండి. స్ప్లిట్ ఒకటి చెప్పి టేపు ఇంకోటి చెబితే లెన్సు విప్పొద్దు. ఎవరో ఎప్పుడో ఫోకసింగ్ స్క్రీన్ (ఆ గరుకు అద్దం) తుడవడానికి తీసి, సరిగ్గా కూర్చోబెట్టలేదేమోనని ముందు అనుమానించాలి.